పిడి మీద ఎరుపు

చాకు కొనడానికి వచ్చినవాడు ముందు పదును చూస్తాడని మీరనుకుంటారు. చూడడు. నాలుగు చాకులు బల్ల మీద పరుచుకుని, "ఇవన్నీ ఒకే రకమన్నారు, మరి పిడులు ఒక్కోటి ఒక్కో రంగులో ఉన్నాయేంటండీ?" అని నిలదీస్తాడు. పనిచేసినన్నాళ్ళూ ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. "చెక్క కదండీ, అలాగే ఉంటుంది" అని తప్పించుకుంటూనే ఉన్నాను. ఇప్పుడు రిటైరై, ఎల్బీ నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాను. తప్పించుకోవలసిన అవసరమూ లేదు, అడిగేవాడూ లేడు.

నాది సైదాబాద్ సందుల్లో ఒక చిన్న కార్ఖానా. నాదంటే నా సొంతం కాదు, నేను పనిచేసింది. చెక్క పిడి ఉండే మడత చాకులు అక్కడ తయారయ్యేవి. చెక్క కోసి, అరగదీసి, రివిట్లు కొట్టి పిడి బిగించడం నా పని. దానికి పాలిష్ పెట్టడం నర్సింహన్న పని. మా మీద సేటు. సేటంటే ఎవరో అనుకునేరు, తెలుగాయనే. ఇక్కడ యజమానిని అలాగే పిలుస్తారు. నేను కోస్తా నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాణ్ణి. ఈ ఊళ్ళో నాకు స్నేహితుడంటూ ఉన్నది ఆ నర్సింహన్న ఒక్కడే. ఒక్క మాటతో ఆ స్నేహం పోయింది. ఆ మాట పిడి రంగు గురించే. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు మిగతాది చదివినా చదవకపోయినా ఆ సంగతి మాత్రం చదవండి.

చెక్క సంగతి

చాకు పిడికి రెండు చెక్కలుంటాయి, ఇటొకటి, అటొకటి. ఆ రెండూ ఒకే ముక్కను నిలువునా చీల్చి తియ్యాలి. అప్పుడే రెండు వైపులా చారలు కలుస్తాయి, రంగు కలుస్తుంది. చీల్చిన వెంటనే దారంతో కలిపి కట్టేసేవాళ్ళం. రివిట్ కొట్టేదాకా ఆ జంటను విడదీయకూడదు, పనిలో చేరినవాడికి మొదటిరోజు చెప్పే మాట అదే. రంధ్రం చేసేటప్పుడు ఒక చెక్క పగిలిందనుకోండి, మిగిలిన దాన్ని ఒక పాత బిస్కెట్ల డబ్బాలో వేసేవాళ్ళం. దాని పేరు ఒంటి డబ్బా.

నాకు పెళ్ళి కాలేదు. ఎందుకని అడగొద్దు, అది చాకులకు సంబంధించిన విషయం కాదు. నర్సింహన్న మాత్రం ఊరుకునేవాడు కాదు. "భద్రం, నిన్ను గూడ గా ఒంటి డబ్బాల ఎయ్యాలె. ఎవలన్న పగిలినామె దొరికితే జోడీ చేద్దాం," అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ఇంకెవరన్నా అంటే కోపమొచ్చేది.

ఆ డబ్బా నిండితే సేటు ఊరుకుంటాడా? అందులోంచి దగ్గర దగ్గరగా ఉన్నవాటిని ఏరి జత చేయమనేవాడు. ఒకవైపు టేకు లేత, ఇంకోవైపు ముదురు. వాటికి చిక్కటి రంగు కలిపిన పాలిష్ కొడితే తేడా కనపడదు. పిడుల్లో తేడాకు మొదటి కారణం ఇదే. లేతరంగు పాలిష్ పెట్టారంటే చెక్క మీద నమ్మకం ఉన్నట్టు. నల్లగా నిగనిగలాడుతోందంటే ఏదో దాస్తున్నట్టు. ఎప్పుడూ కాదు గానీ, చాలాసార్లు. నేనిప్పటికీ బజార్లో తళతళలాడే పిడి కనపడితే అనుమానంగానే తిప్పి చూస్తాను.

రెండోది, చెక్కకు తన సొంత బుద్ధి ఉంటుంది. ఇరుగుడు చెక్కలో పుట్టుకతోనే జిడ్డు ఉంటుంది. దానికి నూనె పూస్తే ఎన్నాళ్ళకూ ఆరదు, చేతికి అంటుకుంటుంది. మైనం రుద్ది మెరుగు తేవాలి. చింత చెక్క నూనె ఎంత పోసినా తాగుతుంది. తుమ్మ అన్నిటికన్నా గట్టిది. దాన్ని నల్లగా చెయ్యాలంటే రంగు పుయ్యక్కర్లేదు. కరక్కాయ కషాయం పట్టించి, పైన తుప్పు నీళ్ళు రాస్తే మన కళ్ళముందే నల్లబడుతుంది. ఆ నలుపు చెక్క లోపలికి దిగుతుంది, గోరుతో గీకినా పోదు. ఈ విద్య మా కార్ఖానాకు తెచ్చింది నర్సింహన్న.

రంగుల్లో పుట్టినవాడు

వాళ్ళది పోచంపల్లి దగ్గర ఊరు, నేతపని చేసే ఇల్లు. వాళ్ళ నాయన చేతులు మోచేతులదాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవట. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని కూర్చుని నర్సింహన్నకు మోకాళ్ళు పట్టేశాయి. పట్నం వచ్చి మా దగ్గర పాలిష్ పనికి కుదిరాడు. నూలుకు రంగెక్కించినవాడికి చెక్కకు రంగెక్కించడం ఒక లెక్కా? నాకైతే గోధుమరంగంటే ఒకటే. ఆయన దాన్ని బెల్లం, చింతపండు, ఎండుటాకు, తడి మన్ను అని విడదీసి చెప్పేవాడు.

ఒకసారి సేటుకు ఉన్నట్టుండి ఒక ఆలోచన వచ్చింది. అన్ని చాకులకూ ఒకే మెరుపు, ఒకే రంగు పెడితే బాగుంటుందన్నాడు. నర్సింహన్న వద్దన్నాడు. "సేటూ, నేతోళ్ళు కొనేటియి ఉత్తగనే ఉంచాలె. రంగు అంటకుండ నూలుకు కట్టిన కట్లు కోసేటప్పుడు చెయ్యి చెమట పడ్తది. పిడి రంగు చేతికి, చేతి రంగు నూలుకు," అన్నాడు. సేటు చెవిన వేసుకోలేదు. కొన్నాళ్ళకు నర్సింహన్న పెద్దనాయన కొడుకు తెల్ల పట్టుదారపు చిలప ఒకటి సంచిలో పెట్టుకుని కార్ఖానాకొచ్చాడు. దాని మీద వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. ఆయన తిట్టలేదు. సేటు ముందు పరిచి, మంచినీళ్ళు తాగి, బస్సుకు టైమైందని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత సేటు నేతవాళ్ళ చాకుల జోలికి పోలేదు.

అట్లా ఎవరి చేతిని బట్టి వాళ్ళ పిడి. దిల్‌సుఖ్‌నగర్‌లో పూలు కట్టే ఆడవాళ్ళ చేతులు పొద్దస్తమానం తడిగా ఉంటాయి, వాళ్ళకు మైనం బాగా పట్టించినది కావాలి. నర్సరీల్లో అంటుకట్టేవాళ్ళకు నూనె పిడి కావాలి, అది చేతిలో జారదు. విజయవాడ రోడ్డు మీద బండి తోలే డ్రైవర్లకు మాత్రం మెరవాలి. అద్దాల దుకాణంలో వేలాడదీసినట్టు తళుక్కుమనాలి. వాళ్ళు దాంతో కోసేది జామకాయలే.

ముసురు రోజులు

లక్క పాలిష్ పెట్టే గదికి తలుపు వేసి ఉంచాలి. ఫ్యాన్ తిరగకూడదు, దుమ్ము లేచి తడి మీద కూర్చుంటుంది. మాట్లాడుతూ కూర్చునే మనిషి లోపల ఉండకూడదు, వాడి బట్టల దుమ్మూ దుమ్మే. ఎండాకాలంలో ఆ గదిలో కూర్చోవడమంటే మాటలు కాదు. నర్సింహన్న బనీను తీసేసి, గుడ్డ ఉండ స్పిరిట్లో కరిగించిన లక్కలో ముంచుకుంటూ, ఒక్కడే సాయంత్రందాకా రుద్దుతూ ఉండేవాడు. మధ్యాహ్నం అన్నానికి బయటికొస్తే కళ్ళు ఎర్రగా ఉండేవి.

వానాకాలం వస్తే మాత్రం ఆ గదికి తాళమే. గాలిలో తేమ ఉంటే లక్క ఆరేటప్పుడు తెల్లగా పొగచూరినట్టు అయిపోతుంది. అందుకని ముసురు పట్టిన రోజుల్లో చేసిన చాకులకు నూనె, మైనమే. ఒకే చెక్క, ఒకే చెయ్యి, అయినా జూలైలో చేసినది మే నెల దాన్ని పోలదు. ఆ రోజుల్లో మేమిద్దరం గడప దగ్గర పీటలేసుకుని పక్కపక్కన కూర్చుని రుద్దేవాళ్ళం. ఆయన ఊరి సంగతులు, నా ఊరి సంగతులు. నా గోంగూరకు ఆయన వంకలు పెట్టేవాడు, ఆయన సర్వపిండికి నేను పెట్టేవాణ్ణి. నా జీవితంలో మనిషి పక్కన కూర్చుని పనిచేసింది ఆ ముసురు రోజుల్లోనే. ఇప్పటికీ వాన పడితే నాకు దిగులుగా ఉంటుంది.

ఎరుపు

ఒక ఏడు ఎండలు మొదలయ్యాక గమనించాను, టేకు పిడుల్లో ఎరుపు కాస్త ఎక్కువైంది. లక్కలో చిటికెడు ఎర్ర రంగు పొడి కలపడం ఆయన అలవాటే, చెక్కకు ప్రాణం వచ్చినట్టుంటుంది. ఆ చిటికెడు పెరిగింది. నెల తిరిగేసరికి ఇంకా పెరిగింది. ఎండలో పెట్టి చూస్తే ఎండుమిరపకాయల్లా ఉన్నాయి పిడులు. పక్కనే ఆయన నిలబడి, "ఈసారి జర పేలగొచ్చినయ్ భద్రం. ఇంకొద్దిగ ఎయ్యాలె," అన్నాడు. అప్పుడర్థమైంది నాకు, తేడా రంగులో లేదు, ఆయన కంట్లో ఉంది.

నమూనా పక్కన పెట్టుకుని పోల్చుకోవచ్చు కదా అంటారేమో. నమూనాను చూసేదీ ఆ కళ్ళే.

కార్ఖానాలో అందరికీ కనపడుతూనే ఉంది. ఎవరూ నోరు మెదపలేదు. పైగా ఆ ఎర్ర చాకులు డ్రైవర్లకు తెగ నచ్చాయి. ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర కొట్టువాడు "ఎర్రవి పంపండి" అని అడిగి తీసుకెళ్ళాడు. నేను సేటుకు చెబితే, "జర ఊకో భద్రం. అమ్ముడుపోతున్నయ్ గద. పెద్దమనిషిని పరేషాన్ చెయ్యకు," అన్నాడు. సేటు చెడ్డవాడు కాదు. మంచి మాటలు చెప్పి పని గడిపేసే మనిషి. అలాంటి యజమానుల కింద పని హాయిగా సాగుతుంది, మనిషి మాత్రం చెడతాడు.

నాకు నిద్ర పట్టలేదు. అంతటి చెయ్యి, తనకు తెలియకుండానే పాడైపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను? ఒకరోజు అన్నాలు తిన్నాక చెప్పేశాను. "అన్నా, ఈ మధ్య ఎరుపు ఎక్కువవుతోంది. ఒకసారి కళ్ళు చూపించుకో."

ఆయన చెయ్యి కడుక్కుంటున్నవాడల్లా ఆగాడు. "ఏందీ?"

"ఎర్రగా ఉంటున్నాయన్నా పిడులు. నీకు తెలియడం లేదు."

"నేను రంగుల పుట్టిన, రంగుల పెరిగిన. గోధుమరంగుకు బెల్లం రంగుకు ఫరక్ తెల్వనోనివి, నువ్వు నాకు చెప్తవా?" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. నన్ను చెయ్యి పట్టుకుని సేటు దగ్గరికి తీసుకుపోయాడు. ఒక చాకు ఆయన ముందు పెట్టి, "సేటూ, మీరు చెప్పుండ్రి. గిది ఎర్రగున్నదా?" అని అడిగాడు.

సేటు ఆ చాకును చూశాడు, నన్ను చూశాడు. "మంచిగున్నది నర్సింహా," అన్నాడు.

నర్సింహన్న నావైపు తిరిగాడు. "నా కుర్చీ మీద కన్నేసినవ్ భద్రం. ఎరుకైంది," అన్నాడు మెల్లగా.

గట్టిగా అరిచినా ఇంత బాధ ఉండేది కాదు. కుర్చీ కోసం చెప్పలేదన్నాను. ఆయన వినలేదు. ఆ రోజు నుంచి నాతో మాట లేదు. పిడులు తెచ్చి గది ముందు పెడితే తీసుకునేవాడు, అయిపోయాక అక్కడే పెట్టేవాడు. ఆ ఏడు వానలు పడ్డప్పుడు గడప దగ్గర నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఆయన పీట లోపల ఓ మూలకు వేసుకున్నాడు.

తర్వాత జరగవలసిందే జరిగింది. లక్క ఆరాలి కాబట్టి పిడికి ఒకరోజు ఒకవైపు, మర్నాడు రెండోవైపు పాలిష్ పెట్టేవాళ్ళు. రెండు రోజుల రంగు రెండు రకాలుగా కలవడంతో ఒకే చాకుకు ఇటు ఎరుపు, అటు గోధుమ వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ కొట్టువాడు పెట్టెలకు పెట్టెలే తిప్పి పంపాడు. అప్పుడు సేటు "కొన్నిదినాలు ఇంట్ల రెస్ట్ తీస్కో నర్సింహా" అన్నాడు. అదే మాట ముందే అని ఉంటే అది సలహా అయ్యేది. ఆయన తన గుడ్డలు, సీసాలు సంచిలో వేసుకుని పోయాడు. మర్నాడు సేటు ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు. వద్దన్నాను. వేరే మనిషిని తెచ్చుకుంటానన్నాడు. నాకు వేరే బతుకుతెరువు లేదు, కూర్చున్నాను.

ఆయన కొడుకు దవాఖానకు తీసుకుపోతే కంట్లో పొర ముదిరిందన్నారట. ఆపరేషన్ చేశారు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం ఆయన కార్ఖానాకొచ్చాడు. తిరిగొచ్చిన పెట్టెలు అల్మరాలో అలాగే ఉన్నాయి. ఒక చాకు తీసి గడప దగ్గరికి తీసుకుపోయి వెలుగులో పట్టుకున్నాడు. ఇంకొకటి తీశాడు. మరొకటి. నేను గది తలుపు తీసి చూస్తున్నాను, ఆయన కుర్చీలోంచే. ఆయన తలెత్తి నన్ను చూశాడు. "అన్నా" అని లేచాను. చాకు అల్మరాలో పెట్టేసి వెళ్ళిపోయాడు. సందు చివరిదాకా వెనక్కి తిరగలేదు.

తలుపు వేసిన గది

మిగిలిన ఉద్యోగమంతా ఆ గదిలోనే గడిచింది. దాని గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. పని నేర్చుకున్నాను, బాగానే చేశాను, ఆయనంత బాగా కాదు. పొద్దున తలుపు వేసుకుంటే సాయంత్రం తీసేవాణ్ణి. సేటు తర్వాత ఆయన కొడుకు వచ్చాడు. చాకులు ఫోన్లో అమ్మడం మొదలుపెట్టాడు. ఫోటోలో ఉన్న రంగు చేతికొచ్చిన చాకులో లేదని జనం వెనక్కి పంపుతున్నారని, అన్నిటికీ మిషన్‌తో ఒకే నల్ల పూత కొట్టించాడు. ఇప్పుడు మే నెల చాకు, జూలై చాకు, టేకు, తుమ్మ అన్నీ ఒకటే. తడి చేత్తో పట్టుకుంటే సబ్బుముక్కలా జారతాయి. కుర్రాడిని తప్పుపట్టను, అతనికి వచ్చిన చిక్కులు అతనివి. కానీ ఆ పూత వచ్చాక పాలిష్ పెట్టే మనిషితో పని లేకుండా పోయింది, నేనూ రిటైరయ్యాను.

కొత్తవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. పనిముట్లు తర్వాత కొనుక్కోవచ్చు, మీ పని చూసి బాగాలేదని చెప్పే మనిషిని ముందు సంపాదించుకోండి. దొరికితే వాడి మీద అలగకండి. రంగుపనిలో ఇది ఇంకా ముఖ్యం. మీ కళ్ళు మారుతుంటే ఆ సంగతి మీ కళ్ళు మీకు చెప్పవు.

దిల్‌సుఖ్‌నగర్

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక గదిలో నాలుగు చెక్కలు పెట్టుకుని, అప్పుడొకటి ఇప్పుడొకటి చాకులు చేస్తున్నాను. మొన్న ఒక టేకు పిడి కుదిరింది. చారలు రెండువైపులా కలిశాయి, లక్క అద్దంలా ఆరింది. ఇన్నేళ్ళలో నా చేతి నుంచి అంత మంచిది రాలేదనిపించింది. గదిలో బల్బు ఈ మధ్య సరిగా వెలగడం లేదని కొత్తది వేసి, దాని కింద పెట్టుకుని చాలాసేపు చూసుకున్నాను. ఎవరికైనా చూపిద్దామనిపించింది. కింద వాటాలోవాళ్ళు "బాగుందంకుల్" అని టీవీ వైపు తిరిగారు. ఇంకెవరున్నారని ఆలోచించాను. ఎవరూ లేరు. అది తెలిసినప్పుడు నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాను. నర్సింహన్న కొడుకు శ్రీనుకు అక్కడ చీరల దుకాణం ఉందని తెలుసు. తెలిసి కూడా ఇన్నేళ్ళూ ఆ వీధిలో నడవకుండా చుట్టూ తిరిగి పోయేవాణ్ణి. ఆయన దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బాగా ముసలివాడైపోయాడు. ఎవరో ఆడమనిషికి ఒక చీర కొంగు ఎండలోకి పట్టి చూపిస్తూ, "లైట్ల కింద చూసి కొనకమ్మా, మోసపోతవ్," అంటున్నాడు. కొనేవాళ్ళకు కొడుకు దుకాణం గురించే అట్లా చెప్పేవాడు ఇంకెవరుంటారు!

నన్ను చూశాడు. శ్రీను ఇంకో స్టూలు తెచ్చి వేశాడు. కాసేపు ఇద్దరం రోడ్డు మీద పోయే బస్సులు చూశాం. మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక జేబులోంచి చాకు తీసి ఆయన చేతిలో పెట్టాను.

పిడి మీద బొటనవేలితో ఒకసారి రాశాడు. రెండువైపులా తిప్పాడు. అతుకు దగ్గర గోరు పెట్టి చూశాడు. "జోడీ మంచిగ కుదిరింది," అన్నాడు. తర్వాత లేచి, మెట్టు దిగి, ఎండలోకి పోయి నిలబడ్డాడు. తిరిగొచ్చి కూర్చున్నాడు.

"ఎర్రగున్నది," అన్నాడు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకుని ఇవాళ బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. "అది గోధుమరంగన్నా. సరిగ్గా చూడు. ఇప్పుడా నువ్వు కక్ష తీర్చుకునేది?" అన్నాను.

ఆయన చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. చాకు మడిచి నా చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకున్నాడు.

"నాకు గూడ గప్పుడు గట్లనే కనపడ్డది భద్రం," అన్నాడు.

నేను చాకు వైపు చూశాను. గోధుమరంగే. ఎంత చూసినా నాకు గోధుమరంగే.

"నువ్వు చెప్పింది నిజమని నాకు కండ్లొచ్చిన దినమే ఎరుకైంది," అన్నాడు. "చెప్దామనే వచ్చిన. నువ్వు కుర్చీల కూసున్నవ్. ఏం మొహం వెట్టుకొని చెప్పాలె? రేపు చెప్దాం, రేపు చెప్దాం అని గిట్లనే ముసలోన్ని అయిన."

ఆయన లోపలికి తిరిగి, "శ్రీనూ, గా కండ్ల డాక్టర్ ఏ దినం ఉంటడో అర్సుకో," అని కేకేశాడు. తర్వాత నాతో, "ఆడ కండ్లల్ల చుక్కలేస్తే మస్తు మసకగ కనపడ్తది. ఒక్కనివి రోడ్డు దాటలేవు. నేను ఎల్బీ నగర్ ఒస్త, ఇద్దరం కలిసి పోదాం," అన్నాడు.

"సరేనన్నా," అన్నాను.